నక్క చల్లించిన మసి

హిమాలయాల్లో ఓ కొండవాలు. ఏడాది పొడుగునా దుప్పటి కప్పినట్టు మంచు. అందులో ఓ తెల్లకుందేలు గూడు కట్టి పిల్లల్ని పెట్టింది. తెలుపులో తెలుపు కలిసిపోయి, ఎదురుగా కూర్చున్నా నక్కకు కనబడేది కాదు.

ఆకలికి తాళలేని నక్క, జడలబర్రె దగ్గరికెళ్లి వినయంగా నిలబడింది.

"పెద్దమ్మా, గడ్డిపరక కోసం ఎన్నాళ్లిలా మంచు తవ్వుకుంటావు? కాపరుల పాత పొయ్యిల్లో మసి బోలెడుంది. కాస్త మంచుమీద చిమ్మి చూడు, అది కరిగి పచ్చిక నీ మూతి కిందికే వస్తుంది."

బర్రె చిమ్మింది. మంచు కరిగింది గానీ పచ్చిక రాలేదు, నల్లరాయి తేలింది. ఆపైన ఎవరూ మసి చల్లకపోయినా రాతి చుట్టూ మంచు తగ్గుతూనే పోయింది. చివరికి ఆ నల్లరాయి అంచు కుందేలు గూటి దాకా వచ్చింది.

"ఎంత పని చేశావు పెద్దమ్మా! నా పిల్లలకు చాటు పోతోంది."

"నేను చల్లింది పిసరంతేనే! మిగతాది దానంతటదే కరిగితే నన్నంటావేం?"

కుందేలు రాతిమీద కాలు పెట్టి చటుక్కున తీసేసింది. "చూడు, పెనంలా కాలుతోంది! తెల్లమంచు ఎండను గుమ్మంలోంచే వెనక్కి పంపేది. ఈ నల్లరాయి పీటేసి కూర్చోబెడుతోంది. ఆ వేడికి పక్క మంచు కరిగి ఇంకాస్త రాయి తేలుతుంది. అదింకాస్త ఎండను తాగుతుంది. లోయలో మంచే లేదు, నేల ఎప్పుడూ నల్లదే, అక్కడ ఎండకు కొత్తగా దొరికేదేం లేదు. మన దగ్గరే దానికింత విందు!"

"ఉత్తరాన మంచుసముద్రంలోనూ ఇంతేనని వలసబాతులు చెబితే నవ్వాను" అంది బర్రె. ఈసారి నవ్వలేదు.

అంతలో నక్క రానే వచ్చింది. "ఏం కోడలా, తలుపు తట్టకుండానే ఇల్లు తెరుచుకుందే!"

కుందేలు మంచు అంచుకేసి చూసింది. రాతి వేడికి అడుగంతా డొల్లయి, పైన పలుచటి పలక మిగిలింది. ఒక్క గెంతులో దానిమీద కూర్చుంది.

"మామా, నీ తెలివికి దండం. పిల్లల జోలికి పోకు, నన్ను తిను."

"ఆహా, ఎంత మర్యాద!"

నక్క దూకింది. కుందేలు అవతలికి గెంతింది. పలక ఫెళ్లుమంది. నక్క మసిబురదలో పల్టీలు కొడుతూ, కరిగిన నీళ్లతో పాటు లోయ దాకా జారిపోయింది.

"నీళ్లెలా ఉన్నాయి మామా? నువ్వు కరిగించినవే!" పైనుంచి అరిచింది కుందేలు.

బర్రె సిగ్గుపడి, పక్క దిబ్బల మంచును కొమ్ములతో తోసి రాయిని కప్పేసింది. పిల్లలు మళ్లీ తెలుపులో కలిసిపోయాయి. నక్క ఎన్నిసార్లు పైకొచ్చినా మసిపట్టిన దాని ఒళ్లు ఆమడ దూరం నుంచే కనబడేది.

నీతి: ఎదుటివాడి చాటు కరిగించేవాడు, తన కాళ్ల కిందేం మిగిలిందో ముందు చూసుకోవాలి.