నాయన నేర్పిన నమాజు

అనగా అనగా, గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో కాలేషా అని దూది ఏకే ఆయన ఉండేవాడు, అమ్మలూ. ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద కూడా దూదే.

ఆయనకి ఒక్కతే కూతురు, మాబున్ని. దానికి రెండేళ్ళప్పుడు వాళ్ళమ్మకి విషజ్వరం వచ్చింది. ఆ రోజు కాలేషా పనిమీద పొరుగూరు వెళ్ళాడు. కబురంది పరిగెత్తుకొచ్చేసరికి ఆ తల్లి కన్ను మూసింది.

అప్పుడు ఆమె తల్లి లాల్‌బీ గుండెలు బాదుకుంటూ వచ్చింది. "జ్వరంతో ఉన్నదాన్ని వదిలేసి పోయావు. ఈ పిల్లనైనా నాకియ్యి, నేను పెంచుకుంటా" అంది.

కాలేషా పిల్లని గట్టిగా ఎత్తుకుని తల అడ్డంగా ఊపాడు. "అయితే నీ గడప నేను తొక్కను" అని లాల్‌బీ వెళ్ళిపోయింది. అంతే. ఎనిమిదేళ్ళు ఆ ఇంటివాళ్ళు ఈ ఇంటికి రాలేదు, ఈ ఇంటివాళ్ళు ఆ ఇంటికి పోలేదు.

ఆ తర్వాత కాలేషా అన్నీ నేర్చుకున్నాడు. పిల్లకి చిక్కు తీసి జడ వెయ్యడం నేర్చుకున్నాడు. రొట్టె మాడకుండా కాల్చడం నేర్చుకున్నాడు. పిల్లకి నాలుగేళ్ళు రాగానే పక్కన నిలబెట్టుకుని నమాజు నేర్పించాడు. నాయన చేతులు చెవులదాకా ఎత్తితే అదీ ఎత్తేది. నాయన బొడ్డు కింద చేతులు కట్టుకుంటే అదీ కట్టుకునేది. నాయన ఎట్లా వంగితే అట్లా వంగేది. చివర్లో చనిపోయిన అమ్మ కోసం చేతులు చాపి దువా అడుక్కునేది.

దానికి పదేళ్ళు వచ్చినప్పుడు ఊళ్ళో ఒక పెళ్ళి జరిగింది. మధ్యాహ్నం నమాజు వేళకి ఆడవాళ్ళంతా లోపలి గదిలో చాపలు పరుచుకున్నారు. మాబున్ని కూడా వాళ్ళ పక్కన నిలబడింది.

"అయ్యో, ఇదేంటే! మగపిల్లాడిలా చేతులు కిందికి కట్టుకుంది!" అని ఒకావిడ పకపకా నవ్వింది. "సజ్దాలో చూడు, నుదురు నేలకానించి మోచేతులు ఎట్లా విప్పిందో!" అని ఇంకొకావిడ. మూడో ఆవిడ పెద్దావిడ. ఆవిడ నవ్వలేదు. "ఇట్లా చేస్తే చెల్లదే పిల్లా" అంది.

మాబున్ని బిర్యానీ కూడా తినకుండా ఇంటికొచ్చేసింది. గోడవైపు తిరిగి కూర్చుంది.

"నాయనా, నేను ఇన్నాళ్ళూ అమ్మ కోసం చేసిందంతా పోయినట్టేనా?" అని అడిగింది.

ఆడవాళ్ళ నమాజు వేరేగా ఉంటుందని కాలేషాకెవరు చెప్పారు? చెప్పాల్సిన మనిషి మట్టిలో ఉంది. ఆ సాయంత్రం మాబున్ని చాప ముట్టుకోలేదు. మర్నాడూ ముట్టుకోలేదు. మూడో రోజు కూడా పిలిస్తే పలకలేదు.

అప్పుడు కాలేషా పక్కింటి దౌలత్‌బీ దగ్గరికి వెళ్ళాడు. "అక్కా, ఆడవాళ్ళు నమాజు ఎట్లా చేస్తారు?" అన్నాడు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఛీ, మగాడివి, నీకెట్లా చేసి చూపించనయ్యా!" అని లోపలికి పోయింది.

ఆ తర్వాత మసీదులో నమాజు చేయించే హజ్రత్ దగ్గరికి వెళ్ళాడు. హజ్రత్ ఓపిగ్గా విన్నాడు. "చెల్లకపోవడమేంటి కాలేషా! నిలబడ్డం, చదవడం, వంగడం, నుదురు నేలకి ఆనించడం ఇద్దరికీ ఒకటే. చేతులు ఎక్కడ కట్టుకోవాలి, కాళ్ళు ఎట్లా మడవాలి, అక్కడే తేడా. ఆడామగా ఒకేలా చెయ్యాలనే పెద్దలూ ఉన్నారు. మనవైపు ఆడవాళ్ళు ఒదిగి చేస్తారు. కానీ పిల్లకి చేసి చూపించాలంటే ఆడమనిషే కావాలి. మీ అత్త లాల్‌బీ ఎంతమందికి నేర్పిందో తెలుసా?"

కాలేషా ఇంటిదారి పట్టాడు. వెళితే ఆమె మళ్ళీ పిల్లని అడుగుతుందేమో! అయినా గోడవైపు తిరిగి కూర్చున్న కూతురు గుర్తొచ్చింది. తెల్లారగానే అత్త ఊరికి బయల్దేరాడు.

లాల్‌బీ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తి చూసింది, మళ్ళీ చేటలోకి చూసుకుంది.

"ఆనాడు పిల్లనియ్యమంటే ఇయ్యలేదు. ఈనాడు నేను గుర్తొచ్చానా?"

"గుర్తొచ్చావత్తా. జడ వెయ్యడం నేర్చుకున్నా, రొట్టె కాల్చడం నేర్చుకున్నా. ఇది మాత్రం నా వల్ల కాలేదు" అన్నాడు. పెళ్ళింట్లో జరిగింది చెప్పాడు.

లాల్‌బీ చేట కింద పెట్టింది. లోపలికి వెళ్ళి రెండు చీరలు మూటగట్టుకుని వచ్చింది.

ఇంటికి చేరేసరికి మూడో జాము నమాజు వేళయింది. లాల్‌బీ మనవరాలి గడ్డం పట్టుకుని, "నువ్వెట్లా చేస్తావో చెయ్యి, ముందు చూస్తా" అంది. మాబున్ని భయం భయంగా చాప పరిచింది.

లాల్‌బీ కళ్ళప్పగించి చూసింది. చేతులు చెవులదాకా ఎత్తడం, మోచేతులు విప్పి సజ్దా చెయ్యడం, కుడిపాదం నిలబెట్టి కూర్చోవడం, అంతా కాలేషాయే. దూది ఏకే విల్లు మోసి మోసి కాలేషా కుడి భుజం పట్టేసేది. వంగే ముందు దాన్నొకసారి ఎగరేసేవాడు. అదీ నమాజే అనుకుని, పిల్ల వంగేముందల్లా భుజం ఎగరేస్తోంది! లాల్‌బీకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళు తడిశాయి. పక్కన నిలబడి రోజూ నేర్పకపోతే ఇంత అచ్చుగుద్దినట్టు ఎట్లా వస్తుంది?

నమాజు అయ్యాక మాబున్ని అలవాటు కొద్దీ పైకే దువా చేసింది. "అల్లా, మా అమ్మని చల్లగా ఉంచు. మా నాయన భుజం నొప్పి తగ్గించు. మా అమ్మమ్మ లాల్‌బీ మోకాళ్ళు బాగుచెయ్యి."

లాల్‌బీ గబుక్కున దగ్గరికొచ్చింది. "నా మోకాళ్ళ సంగతి నీకెవరు చెప్పారే?"

"నాయన. మీ ఊరివాళ్ళు కనపడితే అడుగుతాడు. చిన్నప్పటినుంచీ నీ పేరు చెప్పమంటాడు."

లాల్‌బీ వాకిలివైపు చూసింది. కాలేషా తల వంచుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆమె పిల్లని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది, అమ్మలూ. ఎనిమిదేళ్ళ ఏడుపు అది.

"అయితే నాది పోలేదా అమ్మమ్మా?"

"పోవడమేంటే పిచ్చిదానా! అన్నీ ఎప్పుడో చేరాయి. ఆ భుజం ఎగరెయ్యడమొక్కటి మానెయ్యి, అది ఎవరూ చెప్పలేదు!"

ఆ తర్వాత మూడు రోజులు నేర్పింది. మొదటి రోజు, చేతులు భుజాలదాకానే ఎత్తి, ఎద మీద కుడిచెయ్యి పైకి వచ్చేలా పెట్టుకోవడం. రెండో రోజు, కొంచెమే వంగి, సజ్దాలో కోడి పిల్లల్ని పొదువుకున్నట్టు ఒళ్ళంతా దగ్గరికి ముడుచుకోవడం. మూడో రోజు, రెండు కాళ్ళూ కుడివైపుకి చాపి కూర్చోవడం, తన చెవికి మాత్రమే వినపడేలా చదువుకోవడం.

మూడో రోజు పొద్దు గుంకాక కాలేషా నమాజుకి ముందు వరసలో నిలబడ్డాడు. మాబున్ని అమ్మమ్మతో కలిసి వెనక వరసలో నిలబడింది. కాలేషాకి పక్కన వెలితిగా అనిపించింది. పైకి చదవడం మొదలుపెట్టాడు. వంగినప్పుడు వెనక రెండు కొంగులు సర్రుమన్నాయి. అప్పుడాయన గొంతు నిబ్బరపడింది.

అటూ ఇటూ తల తిప్పి సలాంతో నమాజు ముగించాక, లేద్దామని చూసి లేవలేకపోయింది లాల్‌బీ. కాలేషా బెరుగ్గా చూస్తున్నాడు, పట్టుకోవాలా వద్దా అని.

"చూస్తావేంటి అల్లుడూ, చెయ్యందియ్యి! శుక్రవారం శుక్రవారం రావాల్సినదాన్ని, నా మోకాళ్ళు జాగ్రత్త!" అంది లాల్‌బీ.

కథ బయల్దేరె కంచికి,
నువ్వూ నేనూ మంచానికి,
కునుకు వచ్చె కంటికి,
మనమూ చేరాం ఇంటికి.