కత్తి పడని బెల్టు

గుంటూరు ఆటోనగర్‌లో మస్తాన్ మేస్త్రీకి ఒక అలవాటు ఉండేది. ఏ కారులోంచి ఇంజన్ వాల్వులను నడిపే పాత టైమింగ్ బెల్టు విప్పినా, కొత్తది బిగించకముందే దాన్ని కత్తితో రెండు ముక్కలు చేసి చెత్తలో పారేసేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న వీరభద్రానికి అది చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

"మేస్త్రీ, పగుళ్లు లేవు, పళ్లు అరగలేదు. నిక్షేపంలా ఉన్నదాన్ని ఎందుకు కోస్తారు? లేనోడి బండికైనా పనికొస్తుంది కదా!" అని ఒకనాడు అడిగేశాడు.

"తిరగాల్సిన కిలోమీటర్లు తిరిగేసింది, దాని ఆయుష్షు తీరిందిరా" అన్నాడు మేస్త్రీ. బెల్టును కోసి చెత్తలో పడేశాడు.

వీరభద్రం మంచివాడు. కొంప ముంచింది ఆ మంచితనమే. ఒక శుక్రవారం మేస్త్రీ నమాజుకు వెళ్లినప్పుడు, టాక్సీ నడుపుకునే జక్రయ్య వచ్చాడు. అతని కారు బెల్టు పోగులు లేచిపోయి ఉంది.

"మా ఆవిడ సలోమికి నెలలు నిండాయన్నా. ఇప్పుడు కొత్త బెల్టు నావల్ల కాదు. బండి ఇక్కడే ఉంచిపోతా. నొప్పులొస్తే అంబులెన్సును పిలుచుకుంటాంలే" అన్నాడు జక్రయ్య.

"సొంత బండి పెట్టుకుని నీకదేం ఖర్మయ్యా!" అన్నాడు వీరభద్రం. అప్పుడే అదే రకం వేరే కారులోంచి తాను విప్పిన బెల్టు బల్ల మీద ఉంది, ఇంకా కత్తి పడలేదు. దాన్నే జక్రయ్య కారుకు బిగించాడు, పైసా పుచ్చుకోలేదు. జక్రయ్య అతని చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

వారం తిరక్కుండానే ఆ కారును తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. సలోమిని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే పొలాల మధ్య బెల్టు తెగి, వాల్వులు వంగి, బండి నిలబడిపోయిందట. ఇంకో బండి దొరికేసరికి ఆలస్యమైంది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు.

"నువ్వు మేలే చేశావన్నా, నా రాతే బాలేదు" అంటూ జక్రయ్య వీరభద్రం భుజం మీదే పడి ఏడ్చాడు. అయ్యో, నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది!

జక్రయ్య వెళ్లాక మేస్త్రీ ముందు కూలబడి జరిగినదంతా చెప్పుకున్నాడు. "జాలిపడ్డాను మేస్త్రీ. జాలిపడటమూ తప్పేనా?" అన్నాడు.

మేస్త్రీ లేచాడు. ఆ పూట విప్పిన బెల్టును బల్ల మీద పరిచి, కత్తి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. బెల్టు నల్లగా, కొత్తదానిలా ఉంది. వీరభద్రం దాన్ని తిప్పి తిప్పి చూశాడు, ఒక్క పగులూ లేదు.

"కొయ్యరా" అన్నాడు మేస్త్రీ. "నాకు మాత్రం జాలి లేదనుకున్నావా? ఉంది కాబట్టే ముందే కోసేస్తాను."