స్టూలు పట్టుకున్న ఓబులేసు

ఓబులేసు రాసిన ప్రోగ్రాం మొదటి పేజీలు చక్కగా చదివేది. ఆ తర్వాత ఎక్కడో ఒకచోట, ఒక వాక్యం ముగియగానే చచ్చి ఊరుకునేది.

కడపలో చూపులేని పిల్లల హాస్టల్ కోసం రాశాడు దాన్ని. పాఠాన్ని పైకి చదివి వినిపిస్తుంది. గొంతు పలికించే పని మాత్రం సీ భాషలో ఉన్న ఒక పాత లైబ్రరీది, అంటే ఎవరైనా తెచ్చి వాడుకునే కోడ్ మూటది. అది మా జిలానీ ఉస్తాద్ ఎప్పుడో స్వయంగా రాసింది. ఓబులేసు దాన్ని పైథాన్ భాషలో రాసిన తన ప్రోగ్రాంకు జోడించాడు. పదో తరగతి పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి. వార్డెన్ ఊపిరాడనివ్వకుండా ఫోన్లు చేస్తున్నాడు.

ఉస్తాద్ పాలిటెక్నిక్‌లో రిటైరయ్యాక మాకు ఇంట్లోనే పాఠాలు చెప్పేవాడు. ఆయన దగ్గర చదివామని చెప్పుకోవడం మాకు ఇప్పటికీ గొప్పే. మాలో అందరికంటే చురుకైనవాడు ఓబులేసు. ఆ సంగతి వాడికి బాగా తెలుసు. మమ్మల్ని కూడా మరిచిపోనిచ్చేవాడు కాదు.

కోడ్‌ను మిషను భాషలోకి మార్చి తప్పులు చెప్పే కంపైలర్‌ను వాడు మార్చాడు. దాని ఆప్షన్లు మార్చాడు. లైబ్రరీని విసుగొచ్చేదాకా మళ్లీ మళ్లీ కంపైల్ చేశాడు. ఒక్క ఎర్రరూ లేదు, ఒక్క వార్నింగూ లేదు. ప్రోగ్రాం మాత్రం చచ్చేది.

ఒక ఆదివారం పొద్దున లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఉస్తాద్ ఇంటికొచ్చాడు. మేమంతా అక్కడే ఉన్నాం.

"నా కోడ్‌లో ఏం లేదు ఉస్తాద్. కంపైలర్ గూడా నోరెత్తలా. మీ లైబ్రరీనే ముసలిదైపోయింది. పారేసి కొత్తది రాస్తా," అన్నాడు.

మాకు ఒళ్లు మండింది. ఉస్తాద్‌కు మండలేదు.

"లైబ్రరీకి ఏమిచ్చినావు?" అనడిగాడు.

"ఒక చిన్న ఫంక్షన్. ఒక్కో వాక్యం చదవడం అయినాక దాన్ని పిలవమని అందించినా. అందుకునింది గూడా. మొదట్లో బాగానే పిలుస్తాది."

ఉస్తాద్ తలూపాడు. పాత గుడ్డ ఒకటి భుజాన వేసుకుని, వంటింట్లోంచి స్టూలు తెచ్చి ఫ్యాన్ కింద వేశాడు. దాని కాలొకటి పొట్టి.

"పట్టుకోరా," అని ఎక్కేశాడు. డెబ్బై దాటిన మనిషి. ఓబులేసు హడలిపోయి రెండు చేతులా పట్టుకున్నాడు.

ఆయన తీరిగ్గా రెక్క తుడవసాగాడు. దుమ్మంతా వాడి నెత్తిన పడుతోంది. ఇంతలో వాడి జేబులో ఫోన్ మోగింది.

"వార్డెన్ అయ్యుంటాడు. ఎత్తు," అన్నాడు ఉస్తాద్.

"ఎట్లెత్తేది? స్టూలు వదలాల కదా!"

"పట్టుకోమన్నా, పట్టుకున్నావు. నేను ఎక్కేసినా. ఆ పని అయిపాయె కదా?"

"అయిపోవడమేంది ఉస్తాద్! మీరింకా పైనే ఉండారు."

ఉస్తాద్ గుడ్డను ఇంకో రెక్క మీదికి జరిపాడు.

ఓబులేసు చూపు లాప్‌టాప్ మీదికి పోయింది. ఆ చిన్న ఫంక్షన్‌ను లైబ్రరీకి అందించాడు, అంతే. తన ప్రోగ్రాంలో ఎక్కడా పట్టుకుని ఉంచలేదు. ఎవరూ పట్టుకోనిదాన్ని పైథాన్ చెత్తనుకుని, కాసేపటికి మెమరీలోంచి ఊడ్చేస్తుంది. లైబ్రరీ మాత్రం ఇంకా దాన్నే పిలుస్తూ ఉంది, అది లేక అక్కడే చస్తోంది.

వాడి చెవులు ఎర్రబడ్డాయి. దిద్దడానికి, ఆ ఫంక్షన్‌ను పట్టి ఉంచే ఒక్క లైను చాలు. ఉరికిపోయి ఆ లైను కొట్టాలని వాడు తహతహలాడుతున్నాడని మా అందరికీ తెలుస్తూనే ఉంది. ఫోన్ మళ్లీ మోగింది. వాడు కదల్లేదు. స్టూలును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

ఉస్తాద్ చివరి రెక్క కూడా తుడిచి, మెల్లగా దిగాడు. ఆయన పాదాలు రెండూ నేలకు ఆనాయి.

"వదలొచ్చా ఉస్తాద్?" అనడిగాడు ఓబులేసు. అంత చిన్న గొంతు వాడికుందని మాకు అప్పటిదాకా తెలీదు.

ఉస్తాద్ మా అందరి వైపూ ఒకసారి చూశాడు. కొడుకు ఫస్టు వచ్చినట్టు ఆయన మొహం వెలిగిపోతోంది.

"వదులు," అన్నాడు, వాడి నెత్తిమీది దుమ్ము దులుపుతూ. "పో, పిల్లోళ్లు కాచుకోనుండారు."