తెల్లబడిన పగడం

కెజియాకి ఆ ఉదయం నీళ్ళలోకి దిగబుద్ధి కాలేదు.

అండమాన్ దీవుల మధ్య తిరిగే డైవింగ్ పడవ అది. యాత్రికులు దాంట్లోనే తిని, దాంట్లోనే పడుకుని, పగడపు దిబ్బలున్న చోటల్లా నీళ్ళలోకి దిగి చూసి వస్తుంటారు. పొద్దున్నే వంటాయన అందరికీ టీ ఇస్తాడు. కంప్రెసర్ దడదడలాడుతూ సిలిండర్లలోకి గాలి నింపుతుంటుంది. ముందురోజు తడిసిన రబ్బరు సూట్లు తాడు మీద ఇంకా చెమ్మగానే వేలాడుతుంటాయి. వాటిని మళ్ళీ ఒంటికి ఎక్కించుకోవడానికి యాత్రికులు పడే పాట్లు, వాళ్ళ కేకలు, నవ్వులు. ఈ గోలంతా కెజియాకి ఇష్టం. అంటే, ఇష్టంగా ఉండేది.

ఆమెది కాకినాడ. పైడయ్య మాస్టారి దగ్గర పని నేర్చుకుంటోంది. మాస్టారి వాళ్ళు భీమిలి వైపు జాలరులు, తండ్రి కాలంలో పోర్ట్ బ్లెయిర్ వచ్చి స్థిరపడ్డారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు చాలా పడవల మీద ఉన్నారు. ఆయన ఎవరికీ పెద్దగా ఏమీ చెప్పినట్టు కనపడరు. నీళ్ళలో ఎలాగూ మాట్లాడలేం, పైకొచ్చాక కూడా ఆయన అలవాటు అదే.

కెజియాని మొదటిసారి నీళ్ళ అడుక్కి తీసుకెళ్ళింది ఆయనే. ఆ రోజు చూసిన ఊదా, పసుపు, ఆకుపచ్చ రంగులకి పైకొచ్చి మాస్కు తీసి ఏడ్చేసింది. ఎందుకేడుస్తున్నావని మాస్టారు అడగలేదు. తువ్వాలు అందించారు.

ఈ వేసవికి ఆ సముద్రం కాగిపోయింది. నీళ్ళు మరీ వేడెక్కితే పగడంలో ఉండి దానికి రంగునీ, తిండినీ ఇచ్చే సూక్ష్మజీవులు బయటికి పోతాయి. పగడం ఎముకలా తెల్లబడుతుంది. అప్పటికింకా ప్రాణం ఉంటుంది. నీళ్ళు చల్లబడకపోతే మెల్లమెల్లగా ఆకలితో చస్తుంది. ఆ తర్వాత దాని మీద పాచి కమ్ముతుంది.

నీళ్ళు చల్లబడలేదు. దిబ్బంతా తెల్లబడింది.

యాత్రికులకి ఇదేమీ తెలియదు. "కింద మంచు కురిసినట్టుంది, ఎంత బావుందో!" అని సంబరపడ్డారు. కెజియా కూడా వాళ్ళతో పాటు నవ్వింది. తర్వాత పడవ వెనక్కి వెళ్ళి, కంప్రెసర్ చప్పుడులో ఎవరికీ వినపడదని గట్టిగానే ఏడ్చింది.

ఆ ఉదయం మాస్టారు సిలిండర్ల మూతుల దగ్గర రబ్బరు రింగులు చూస్తుంటే వెళ్ళి పక్కన నిలబడింది.

"మాస్టారూ, పోర్ట్ బ్లెయిర్ చేరాక నేను దిగిపోతానండి. సంచి సర్దేశాను."

"ఊఁ."

"ఎందుకని అడగరా?"

"చెప్తావుగా."

"ఏం చూపిస్తున్నామండీ వీళ్ళకి? మంచాన పడ్డ మనిషిని చూడ్డానికి టిక్కెట్టు పెట్టినట్టుంది. పోనీ మనవల్ల ఏమన్నా అవుతుందా? ఈ నీళ్ళని చల్లార్చగలమా?"

"లేం."

"మరి దిగడం దేనికి?"

మాస్టారు అరిగిన రింగు తీసి కొత్తది వేశారు. గాలి ఒక్కసారి వదిలి చూసుకున్నారు.

"వేళయింది. నీ జట్టు వాళ్ళని పిలు," అన్నారు.

దిగే ముందు రోజూ చెప్పే మాటలే కెజియా ఆ రోజూ చెప్పింది. దేన్నీ ముట్టుకోకూడదు, దేని మీదా కాలు పెట్టకూడదు, మోకాలు ఆనించకూడదు. తన గొంతు తనకే వేరే ఎవరిదోలా వినిపించింది.

కింద, దిబ్బ చివర, మెదడులా మడతలు తిరిగిన పెద్ద గుండ్రటి పగడం ఉంది. బండి చక్రమంత ఉంటుంది. మాస్టారి తాత పుట్టక ముందు నుంచీ అది అక్కడే ఉండి ఉంటుంది. ఇప్పుడు అదీ తెల్లగా ఉంది.

యాత్రికుల్లో పెద్ద కెమెరా ఉన్నాయన దాని పక్కన చిన్న చేపలేవో చూశాడు. ఫోటో కదలకుండా రావాలని ఒక మోకాలు ఆ పగడం మీద ఆనించబోయాడు. కెజియా చూసింది. రెండు బారలు ఈదితే అందేంత దూరంలోనే ఉంది. కదల్లేదు. ఎలాగూ పోయేదే కదా అనుకుంది.

మాస్టారు ఎటునుంచి వచ్చారో, ఆ మోకాలు ఆనేలోపు తన అరచెయ్యి దాని కింద పెట్టారు.

ఆ మనిషికి తెలియనే లేదు. కెమెరాలోకి చూస్తూ ఉన్నాడు. అల వచ్చినప్పుడల్లా అతని ఒళ్ళు ఇటూ అటూ ఊగుతోంది. మోకాలి కింద మాస్టారి చెయ్యి పగడపు అంచుల మీద రాసుకుపోతోంది. ఆయన ఆ మనిషిని తొయ్యలేదు, భుజం తట్టనూ లేదు. తల తిప్పి కెజియా వైపు చూస్తూ ఉండిపోయారు.

ఆ వేళ్ళ సందుల్లోంచి సన్నగా పొగలాంటిది లేచింది. ఆకుపచ్చగా ఉంది. అంత లోతులో నెత్తురు ఎర్రగా కనపడదని నేర్పింది ఆయనే. అది గుర్తుకు రావడానికి ఆమెకి కాసేపు పట్టింది.

అప్పుడు కదిలింది. కెమెరా ఆయన్ని చంకల కింద పట్టుకుని పైకెత్తి పక్కకి తీసుకుపోయింది.

పడవ మీద అందరూ ఫోటోలు చూసుకుంటూ ఉప్మా తింటున్నారు. మాస్టారు ఒక మూల కూర్చుని మంచినీళ్ళతో చెయ్యి కడుక్కుంటున్నారు. అరచేతి వెనక తోలు లేచిపోయింది. కెజియా మందుల పెట్టె తెచ్చి ఎదురుగా కూర్చుంది. గాయంలో ఇరుక్కున్న తెల్లటి రవ్వల్ని దూదితో ఒక్కొక్కటే తీసింది.

"ఆయన్ని ఒక్క తోపు తోస్తే సరిపోయేది కదండీ."

"ఆయన నీ జట్టు మనిషి. నువ్వు వస్తావని చూశాను."

కెజియా తల ఎత్తలేకపోయింది. కట్టు కట్టడం సగంలో ఆపేసింది.

"మళ్ళీ రంగొస్తుందనా మాస్టారూ, మీ ఆశ?"

"లేదమ్మా. నీళ్ళు చూస్తున్నావుగా. అది పోతుంది."

ఆయన గొంతులో కోపం లేదు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది ఉప్పునీళ్ళ వల్ల వచ్చిన ఎరుపు కాదని కెజియాకి అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ తను పడవ వెనక ఏడుస్తుంటే, ఈయన ఎక్కడ ఏడ్చారో ఎప్పుడూ అనుకోలేదు.

"పోతుందని తెలిసీ మరి..." అంది.

"ఇంకా పోలేదు," అన్నారు మాస్టారు.

పోర్ట్ బ్లెయిర్‌లో కెజియా దిగలేదు. ఎందుకు దిగలేదని ఎవరూ అడగలేదు.

తర్వాతి ప్రయాణంలో మళ్ళీ అదే దిబ్బ మీదకి దిగారు. పెద్ద పగడం మీద గోధుమరంగు పాచి పట్టేసింది. చేపలు లేవు. కెజియా దాని ముందు ఆగి, మాస్టారి కోసం చూసింది. ఆయన చాలా ముందుకి వెళ్ళిపోయారు. అక్కడ రాళ్ళ నీడలో, ఇంకా తెల్లగా ఉన్న పిడికెడంత పగడం ఒకటుంది. దానికీ, వస్తున్న యాత్రికులకీ మధ్య ఆయన తేలుతూ నిలబడి ఉన్నారు.

కెజియా వెళ్ళి ఆయన పక్కన నిలబడింది.