మౌలాలి జేబులో గింజ

కొండల నడుమ ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, కళ్లు తెరిచి ఉండగానే కలలు కనే మౌలాలి అనే లేతు మిషను పనివాడు ఉండేవాడు. నేను మేకు కొడితే గోడకంటే నా వేలికే ఎక్కువ దెబ్బ తగులుతుంది కాబట్టి, అతని పనికి వంకలు పెట్టే అర్హత నాకు లేదు. అయినా కథ చెప్పాలి గదా.

ఒకసారి వేరుశనగ విత్తే కొత్త యంత్రానికి చిల్లుల బిళ్ల చేసే పని అతనికి వచ్చింది. బిళ్ల తిరుగుతుంటే ఒక్కో చిల్లులోంచి ఒక్కో గింజ సాలులో పడాలి. మౌలాలి కొలతకోసం ఒక గింజను ఏరుకున్నాడు. గులాబిరంగుది, నున్నటిది. దాన్ని జేబులో వేసుకు తిరిగేవాడు. లేతు సన్నగా పాడుతూ ఉంటే, ఇత్తడి తురుము ముంగురుల్లా రాలుతూ ఉంటే, ఆ గింజే వేలాది చినుకులై వరసగా నేలకు దిగుతున్నట్టు అతనికి కనిపించేది. చిల్లులన్నీ దాని కొలతకే తొలిచాడు. బిళ్లను అద్దంలా మెరిపించాడు. విత్తనాల సంచిలోని గింజలు పోసి ఒకసారి తిప్పి చూడమని కేంద్రంలోని ఇంజనీరమ్మ చెబితే, అక్కర్లేదని నవ్వేశాడు.

వాన పడింది. ఓబుళమ్మ అనే ముసలి రైతు తన చేనిలో విత్తి చూడమంది. ఆ ఏడు మొదటి పదును అది. సాయంత్రంలోగా విత్తకపోతే నేల ఆరిపోతుంది, మళ్లీ వాన ఎప్పుడో తెలియదు. మౌలాలి యంత్రం వెంట వెళ్లాడు. ట్రాక్టరు కదిలిన కాసేపటికే యంత్రం కిర్రుమని ఆగింది. లావు గింజలు చిల్లుల్లో ఇరుక్కుని నలిగిపోయాయి. వాటిని తీసి మళ్లీ తిప్పినా అంతే.

ఓబుళమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏం నాయనా, నా గింజలు నీ మిషనుకు నచ్చలేదా? పెళ్లిచూపులకొచ్చినట్టు వంక పెట్టి కూచుందే" అంది.

మౌలాలి గట్టు మీద కూలబడ్డాడు. తడినేల మీద పల్చగా ఆవిరి లేస్తోంది. ఆమె తినమని ఇచ్చిన కాయొకటి పరధ్యానంగా ఒలిచాడు. అరచేతిలో రెండు గింజలు పడ్డాయి. ఒకటి బొద్దుగా, ఒకటి బక్కగా. జేబులోని గింజను తీసి పక్కన పెట్టాడు. అది ఆ రెంటికీ దూరపు చుట్టంలా కూడా లేదు.

"పెద్దమ్మా, ఒక కాయలో పుట్టినవే ఒక తీరుగా లేవు" అన్నాడు.

"నా కొడుకులూ అంతే. పొద్దు వాలుతోంది, ఏం చేస్తావో చెయ్యి" అంది ఓబుళమ్మ.

మౌలాలి ఆకురాయి తీశాడు. తన ముఖం కనిపించే ఆ బిళ్ల చిల్లులను కళ్లు సగం మూసుకుని బరబరా అరగదీశాడు. చిల్లులు పెద్దవయ్యాయి, మెరుపంతా పోయింది. ఈసారి యంత్రం ఆగలేదు. అక్కడక్కడా రెండేసి గింజలు పడ్డాయి. "పడనీలే, ఒకటి చీమలకు" అంది ఓబుళమ్మ. పొద్దు గూకేలోపు చేనంతా విత్తేశారు.

చివరి సాలులో మౌలాలి తన జేబులోని గింజను వేసి మట్టి కప్పాడు. చేను మొలిచాక వచ్చి చూస్తే, ఏ మొక్క దానిదో అతనికే తెలియలేదు.

ఎవరికోసం పని చేస్తున్నామో వాళ్ల సంచిలో ఏముందో ముందు చూడాలి; మన జేబులోదాన్ని పట్టుకుని లోకాన్ని కొలవకూడదు.