పొగడపాడుకి కొత్త పుస్తకాలొచ్చాయి

పొగడపాడులో మల్లంపాటి వారిల్లు తెలివికి పెట్టింది పేరు. ఆ పేరు ఊళ్ళోవాళ్ళు పెట్టింది కాదు, వాళ్ళకు వాళ్ళే పెట్టుకున్నది. ఆ ఇంటి పెద్దావిడ పేరిందేవమ్మ నలుగురూ కూర్చున్న చోటల్లా ఒకే మాట చెప్పేది. తమ ఇంట్లో తెలివిని పట్టుచీరలా పెట్టెలో దాస్తారట. రోజూ వాడితే అరిగిపోతుందట. ఆ మాట అక్షరాలా నిజం. మామగారి కాలం నుంచీ ఆ ఇంటి తెలివి మడత విప్పకుండా, కొత్తది కొత్తగానే ఉంది. ఎవరైనా ఏదైనా చెబితే చాలు, చెప్పింది చెప్పినట్టు చేసేవారు.

పేరిందేవమ్మకి దేవుడి తర్వాత పుస్తకమే. పొద్దున్నే తులసమ్మ దగ్గర దీపం పెట్టి, మోకాళ్ళు పట్టుకుని పది అడుగులు వేస్తే గ్రంథాలయం. పదకొండో అడుగు ఆవిడ వల్ల కాదు.

గ్రంథాలయం చూసుకునే ఉమాపతి ఒకనాడు కొత్త పుస్తకాల కట్ట విప్పుతూ పిడుగులాంటి కబురు చెప్పాడు. ఈ ఊళ్ళో చదివేవాళ్ళు లేరని పైవాళ్ళకి తెలిసిందట. శుక్రవారం ఆఫీసరు వస్తాడట. ఆ మాట నిజమని తేలితే పుస్తకాలన్నీ బీరువాలతో సహా రావులదిబ్బకి తరలించేస్తారట. రావులదిబ్బ ఆరు మైళ్ళు. పేరిందేవమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఉమాపతికి చెల్లెలి సీమంతం. నాలుగు రోజులు ఊళ్ళో ఉండడు. ఏ వయసువాళ్ళకి ఏ పుస్తకం బాగుంటుందో, ఎవరి అభిరుచికి ఏది నచ్చుతుందో ఒక జాబితా రాసి తలుపుకి అంటించి, తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు.

"అందులో రాసిన ప్రకారం ఇవ్వండి పిన్నిగారూ, అంతే చాలు," అన్నాడు.

రాసిన ప్రకారం. అంతే. ఇంకేముంది, మల్లంపాటి వారింట్లో పండగ మొదలైంది.

మొదటి పుస్తకం అరవై దాటినవారికి. పేరిందేవమ్మ దాన్ని కళ్ళకద్దుకుని ఒళ్ళో పెట్టుకుంది గానీ తెరవలేదు. తనకి అరవై దాటాయో లేదో ఎవరు చూశారు? తుఫాను ఏడు పుట్టానని వాళ్ళమ్మ చెప్పింది, ఏ తుఫానో చెప్పలేదు. ముందే తెరిస్తే తప్పవుతుంది. ఎందుకైనా మంచిదని, వయసు కచ్చితంగా దాటేదాకా ఆగుదామని పుస్తకం పట్టుకుని అరుగు మీద కూర్చుంది.

రెండోది పడుకునేముందు చదువుకునే కథలు. అది కోడలు అనసూయకి వెళ్ళింది. పొయ్యిమీద పాలు పెట్టి అనసూయ ఒక కథ చదివింది. చదివింది కాబట్టి పడుకుంది. లేచి ఇంకో కథ చదివింది, మళ్ళీ పడుకుంది. పాలు పొంగి, ఎండి, గిన్నె మాడి, ఇల్లంతా పొగ. అత్తగారు లేపబోతే అనసూయ ఆవలిస్తూ, "ఇంకా పదహారు నిద్రలున్నాయత్తయ్యా, మధ్యలో లేపితే కథ మర్చిపోతాను," అని అటు తిరిగింది. పేరిందేవమ్మ కోడలి శ్రద్ధకి మురిసిపోయింది.

మూడోది ప్రయాణంలో చదవదగ్గ నవల. అది కొడుకు నీలకంఠానికి. నీలకంఠం కుర్చీలో కూర్చుని అట్ట తెరవబోయి, చటుక్కున నాలిక కరుచుకుని, చొక్కా వేసుకుని రావులదిబ్బ బస్సెక్కేశాడు. కండక్టరు ఎక్కడికని అడిగాడు.

"నూట పన్నెండో పేజీ దాకా," అన్నాడు నీలకంఠం.

ఇరవయ్యేళ్ళ సర్వీసులో కండక్టరు అలాంటి స్టేజీ వినలేదు. "అది రావులదిబ్బకి ముందా, తర్వాతా?"

"మీరు మెల్లగా పోనిస్తే ముందొస్తుంది. జోరుగా పోనిస్తే తర్వాత."

బస్సు కదిలితే నీలకంఠం చదివేవాడు. ఆగితే టపీమని పుస్తకం మూసేసేవాడు. రైలు గేటు దగ్గర హీరోయిన్ నూతిలో కాలు జారుతుండగా బస్సు ఆగిపోయింది. గేటు తీసేదాకా పాపం ఆ పిల్ల గాల్లోనే ఉంది. అలా మూడు రోజులు అటూ ఇటూ తిరిగినా డెబ్భయ్యో పేజీ దాటలేదు.

శుక్రవారం వచ్చేసింది. జాబితాలో చివరి పుస్తకం మిగిలింది. దాని పక్కన, ఇంటిల్లిపాదీ కలిసి చదవాలని రాసి ఉంది. పేరిందేవమ్మ చుట్టూ చూసింది. ఇంటిల్లిపాదీ ఏదీ? కొడుకు బస్సు దిగడు. కోడలు మంచం దిగదు. ఆఫీసరు వచ్చే వేళైంది. ఆవిడ దేవుడికి దండం పెట్టుకుంది, దారి దొరికింది. అంతే, ఇరుగుపొరుగు నలుగుర్ని పిలిచి కోడల్ని మంచంతో సహా బస్సులోకి ఎక్కించింది. తననీ కుర్చీతో ఎత్తి పెట్టమంది.

అనసూయని లేపి, ముగ్గురూ పుస్తకానికి తలో అంచూ పట్టుకుని, ఒకే మాట ఒకేసారి పైకి చదవడం మొదలుపెట్టారు. కలిసి అన్నారు కదా, ఒకరికి దగ్గొస్తే మిగతా ఇద్దరూ దగ్గి మరీ ముందుకెళ్ళారు. బస్సంతా వాళ్ళవైపే తిరిగింది. కోళ్ళ గంప దించుకోవాల్సినాయన దిగడమే మర్చిపోయాడు.

ముందు సీట్లో కూర్చున్నది సాక్షాత్తూ ఆ ఆఫీసరే. మంచంతో సహా వచ్చి చదివేవాళ్ళని ఆయన ఏ ఊళ్ళోనూ చూడలేదు. గ్రంథాలయం చూడనక్కర్లేదని అక్కడే కాగితం తీసి రాసేశాడు. దిగబోతూ పేరిందేవమ్మకి చేతులు జోడించాడు.

"చదివేవాళ్ళు ఎక్కడుంటే గ్రంథాలయం అక్కడే ఉండాలమ్మా. అలాగే రాశాను."

ఇంకేముంది. చదివేవాళ్ళు బస్సులో ఉన్నారు.

శనివారం ఉమాపతి సీమంతం పసుపుబట్టలతోనే పరిగెత్తుకొచ్చాడు. గది బోసిగా ఉంది. గోడలకి బీరువాల మచ్చలు తప్ప ఏమీ లేవు. అరుగు మీద కూలబడ్డాడు. పేరిందేవమ్మ మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగా సంగతంతా చెప్పింది. ఆఫీసరుగారి మాట జవదాటకూడదని బీరువాలన్నీ బస్సు మీదకి ఎక్కించి తాళ్ళతో కట్టారు. తననీ కోడల్నీ ఇంటి దగ్గర దింపారు, నీలకంఠం చదువుతూ వెళ్ళాడు. దేవుడి దయవల్ల నిన్న సాయంత్రం నూట పన్నెండో పేజీ వచ్చేసింది.

"వస్తే?" అన్నాడు ఉమాపతి.

"పుస్తకం అయిపోయాక ప్రయాణమెందుకని దిగిపోయాడు. చదివేవాడు దిగాక బీరువాలు బస్సులో ఉండకూడదు కదా నాయనా, వాటినీ దింపించాడు. నడిచి ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రైంది పాపం."

"ఎక్కడ దింపాడు పిన్నిగారూ?"

"రావులదిబ్బలో," అంది పేరిందేవమ్మ. ఉమాపతి మొహం చూసి, వీపు నిమిరి ధైర్యం చెప్పింది. "దిగులు పడకు. ఆ పైవాళ్ళని ఒక్క పుస్తకం కూడా తరలించనివ్వలేదు. అన్నీ మనమే జాగ్రత్తగా చేర్చాం."