క్వీగుదాల్: పెయ్య ఆగిన చోటు

ఐస్‌లాండ్ పడమటి తీరాన, సముద్రం కొండల నడుమకు చొచ్చుకువచ్చిన ఒక పాయ ఒడ్డున, క్వీగుదాల్ అనే చిన్న లోయ ఉన్నది. ఆ దేశపు భాషలో క్వీగ అంటే ఇంకా ఈనని పెయ్య. దాల్ అంటే లోయ. రాజధాని నుంచి బస్సులో నాలుగు గంటల ప్రయాణం. బస్సు దిగిన చోటు నుంచి కంకర దారిన మైలున్నర నడవాలి. ఎప్పుడు వెళ్లినా గాలి ఎదురుగానే వీస్తుంది గనుక యాత్రికులు చెవులు కప్పుకొని బయలుదేరడం మంచిది. లోయ పైభాగంలో, గడ్డిపెళ్లలు పేర్చి కట్టిన గోడలతో, తారు పూసిన నల్లని చెక్క వాకిలితో ఒక చర్చి కనబడుతుంది. లోపల ఇరవై మందికి మించి పట్టరు. దాని తాళంచెవి పక్క పొలంలో ఉండే స్టేయినున్ అనే పెద్దావిడ దగ్గర ఉంటుంది. ఆమె వచ్చినవారి తడి బూట్లు విప్పించి, ముందు కాఫీ ఇచ్చి, ఆ తరువాతే కథ చెబుతుంది. ఇక్కడ రాస్తున్నది ఆమె చెప్పగా విన్నదే.

పూర్వం ఇక్కడ మనుష్య సంచారం లేదు. కొండ వాలుల్లో పొట్టి భూర్జ చెట్లు, తీరాన సముద్రపు పక్షులు, మంచు మీద నక్కల అడుగులు తప్ప మరేమీ ఉండేవి కావు. పదకొండు వందల ఏళ్ల కిందట నార్వేలో ఒక రాజు చిన్న చిన్న నాయకులందరినీ లోబరచుకోసాగాడు. తల వంచడం ఇష్టంలేని కుటుంబాలు పశువులతో, పనిముట్లతో, దాసదాసీలతో ఓడలెక్కి, పడమట ఖాళీ నేల ఉన్నదట అన్న మాట ఒక్కటే నమ్ముకొని బయలుదేరాయి.

అలా వచ్చినవారిలో ఆస్వోర ఒకతె. భర్త ఇంగ్యాల్డ్ దారిలోనే జ్వరంతో మరణించాడు. ఓడలో మిగిలిన పద్దెనిమిది మందికీ ఆమే పెద్దదిక్కు అయింది. కొత్త నేల కనుచూపు మేరలోకి రాగానే ఆమె ఓడ ముందు కొయ్యకు చెక్కిన సర్పం తలను తీయించివేసింది. నోరు తెరిచిన ఆ తలను చూస్తే ఆ నేలను కాచే దేవతలు బెదిరిపోతారని అప్పటివారి నమ్మకం.

పాయ దక్షిణపు ఒడ్డున ఇంగ్యాల్డ్ తమ్ముడు బెర్గ్‌తోర్ అప్పటికి ఆరేళ్లుగా కాపురం ఉంటున్నాడు. అన్న పోయాడని విని అతడు ఓడ దగ్గరకు తానే వచ్చాడు. తరువాత వదినగారి పరివారానికంతటికీ తన పడవల కొట్టం ఖాళీ చేయించి ఇచ్చాడు. అంతవరకు మంచివాడే. కాని ఆ చలికాలం గడవడం కష్టమైంది. ఓడలో వచ్చిన తొమ్మిది పశువుల్లో ఎనిమిది చచ్చిపోయాయి. రెండేళ్ల పెయ్య ఒక్కటి మిగిలింది. అది మిగలడానికి కారణం మురెన్ అనే దాసి. మురెన్ ఐర్లాండ్ పిల్ల. చిన్నతనంలో ఓడదొంగలు ఎత్తుకుపోయి అమ్మివేశారు. ఆమె తన పరుపులోని ఎండుగడ్డి పిడికెడు పిడికెడుగా తీసి పెయ్యకు పెట్టింది. ఆ చలికాలమంతా తాను ఉత్త చెక్క మీద పడుకున్నది.

మంచు కరుగుతుండగా ఆస్వోర తమకు నేల కావాలని మరిదిని అడిగింది. తన యింట్లోనే ఉండిపొమ్మని, పనీ తిండీ చూసుకుంటానని అతడు అన్నాడు. అలా ఉండిపోతే తనను నమ్మి వచ్చినవారంతా అతడి కూలీలైపోతారని ఆమెకు తెలుసు. అందుకని చుట్టుపక్కల కాపులను పిలిపించి పంచాయితీ పెట్టించింది. ఉత్తరపు ఒడ్డున రెండు లోయలు ఎవరి పేరా లేకుండా ఉన్నాయి. ముందున్నది ఇరుకైనది. దాని వెనక ఉన్నది వెడల్పైనది. అందులో చేపలు ఎక్కే నది ఉన్నది. బెర్గ్‌తోర్ గొర్రెలు అప్పటికే అక్కడ మేస్తున్నాయి.

ఆ కాలపు కట్టుబాటు ఇది. మగవాడు ఒక పగటిలో నిప్పు పట్టుకు తిరిగినంత మేర నేల అతడిది. ఆడది అయితే, వసంతకాలంలో ఒక రోజు, సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం లోపల, రెండేళ్ల పెయ్యను తాడు పట్టి నడిపిస్తూ చుట్టివచ్చినంత మేర ఆమెది. తోడు ఎవరూ ఉండకూడదు. సాక్షి ఒకడు దూరంగా వెనక రావాలి. ఆస్వోర సరేనన్నది. రెండు లోయలూ చుట్టి చీకటిపడేలోగా నది చేరగలనని ఆమె లెక్క. సాక్షిగా బెర్గ్‌తోర్ ఇంటి ముసలి నౌకరు కోల్‌బెయిన్‌ను పంచాయితీవారు ఎంచారు. అతడు అబద్ధం ఎరుగనివాడని అందరికీ తెలుసు.

బయలుదేరవలసిన నాటి తెల్లవారుజామున మురెన్‌కు ఒక కల వచ్చింది. నాచు రంగు బట్టలు కట్టుకున్న ఒక స్త్రీ కొండ వాలు మీద కూర్చుని, పెయ్య ఎక్కడ ఆగితే అక్కడ ఆగమనీ, తాడు గుంజవద్దనీ చెప్పిందట. మురెన్ ఆ మాట యజమానురాలికి చెప్పడానికి చాలా జంకింది. చివరికి తాడు చేతికి ఇస్తూ చెప్పింది. ఆస్వోర వింటూనే తాడు ముంజేతికి చుట్టుకున్నది. నడవవలసిన దారి మీదనే ఆమె మనసంతా ఉన్నది.

ఆమె సూర్యుడితోపాటే కదిలింది. పెయ్య బక్కచిక్కి ఉన్నా చక్కగా నడిచింది. బురద నేలల్లో ఆస్వోర ముందు తాను దిగి లోతు చూసి, తరువాత దాన్ని దింపేది. వాగులు దాటేటప్పుడు దాని మెడ కౌగిలించుకొని నడిచేది. మధ్యాహ్నానికి ఇరుకు లోయ ఒక పక్కంతా అయింది. పొద్దు వాలేవేళకు రెండో పక్క కూడా చుట్టి, పెద్ద లోయలోకి దిగే కనుమ దగ్గరకు వచ్చింది. అక్కడి నుంచి నది వెండి తీగలా కనబడింది. తన వాళ్ల ఇళ్లు ఎక్కడ కట్టాలో, గడ్డి ఎక్కడ కోయాలో ఆమె కళ్లతోనే కొలుచుకున్నది.

అప్పుడు పెయ్య ఆగింది.

ఆమె అదిలించింది. తాడు గుంజింది. కాళ్లు నేలలో పాతుకున్నట్లు అది కదలలేదు. తల వంచి, నాచు కప్పిన ఒక గుట్టను మూతితో నెడుతున్నది. మళ్లీ గుంజబోయిన ఆస్వోరకు మురెన్ మాట గుర్తువచ్చి చేతులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో గుట్ట వెనక నుంచి ఏడుపు వినబడింది. పిల్లి కూన ఏడుపంత సన్నగా ఉన్నది. వెళ్లి చూస్తే, పాత ఉన్నిగుడ్డలో చుట్టిన ఆడశిశువు. పుట్టి రెండు రోజులు కూడా అయి ఉండదు.

పోషించలేమనుకున్న శిశువులను బయట వదిలివేయడం ఆ దినాల్లో ఉండేది. దాన్ని ఎవరూ నేరం అనేవారు కారు. కాని దానికి ఒక హద్దు ఉన్నది. బిడ్డ పెదవులకు ఒక్కసారి పాలు తగిలాయా, ఆపైన వదలకూడదు. వదిలితే అది హత్యే.

ఆస్వోర బిడ్డను ఎత్తుకోవడం చూసి కోల్‌బెయిన్ గబగబా దగ్గరకు వచ్చాడు. సాక్షి మాట్లాడకూడదన్న నియమం కూడా మరిచాడు.

“అమ్మా, పొద్దు వాలిపోతున్నది. ఆ బిడ్డను తెలిసే అక్కడ పెట్టారు. మీరు నడవండి,” అన్నాడు.

“ఎవరు పెట్టారు?” అని ఆమె అడిగింది.

ముసలివాడు తల దించుకున్నాడు. “నేనే పెట్టాను. అయ్యగారి అమ్మాయి యింగ్‌విల్డ్ బిడ్డ. బిడ్డ తండ్రి సముద్రం మీద పోయాడు, తనదని చెప్పుకొనేవాడు లేడు. తీసుకుపొమ్మన్నారు, తీసుకువచ్చాను.” మళ్లీ అన్నాడు: “ఇక్కడ నేల వెచ్చగా ఉంటుందమ్మా. చెయ్యి పెట్టి చూసి మరీ పెట్టాను. మీరు ఈ దారినే వస్తారని తెలుసు.”

ఆమె అరచేయి నేల మీద ఆనించింది. చుట్టూ మంచు ఉన్నా ఆ గుట్ట కింద నేల వెచ్చగానే ఉన్నది. బిడ్డను పట్టుకొమ్మని కోల్‌బెయిన్‌ను అడిగింది. యజమాని ఆజ్ఞ మీరి ఆ బిడ్డను తాకే ధైర్యం అతడికి లేకపోయింది. చేతులు వెనక్కు కట్టుకొని ఏడ్చాడు. నది వైపు చూస్తే ఇంకా రెండు గంటల పొద్దు ఉన్నది. బిడ్డను ఎత్తుకొని నడవవచ్చు. కాని ఆ గాలిలో, ఆకలితో, నది దాకా ఆ ప్రాణం నిలుస్తుందన్న నమ్మకం ఆమెకు కలగలేదు.

ఆమె పెయ్య పక్కన కూలబడింది. బిడ్డను రొమ్ములకు అదుముకొని, పైబట్ట కప్పుకొని, పెయ్య డొక్కకు ఆనుకున్నది. తనకు పిల్లలు లేరు. ఆ పెయ్యకూ లేరు. ఏమి తోచిందో, ఈనని పెయ్య పొదుగు మీద చేయి వేసింది. వేళ్లకు తడి తగిలింది. నాలుగు చుక్కలు. మళ్లీ నాలుగు. తలగుడ్డ కొసను ఆ పాలతో తడిపి బిడ్డ నోటికి అందిస్తే బిడ్డ పట్టుకున్నది. అది చూసి కోల్‌బెయిన్ మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. పెయ్య మెల్లగా పడుకొని మెడ చాచి ఆస్వోర ఒడి దగ్గర పెట్టింది. పొద్దు కుంకేదాకా ముగ్గురూ అక్కడి నుంచి కదలలేదు.

సూర్యుడు దిగగానే బెర్గ్‌తోర్ కాపులతో వచ్చాడు. వదినగారు నది చేరలేదని వచ్చేటప్పుడే అతడికి అర్థమైంది. దగ్గరకు వచ్చి ఆమె ఒడిలో ఉన్నది చూసి ఆగిపోయాడు. బిడ్డ పెదవుల మీద పాలు ఆరలేదు. పక్కనున్న కాపులూ చూశారు. ఇక ఆ బిడ్డను వదలడానికి లేదు.

బెర్గ్‌తోరే మాట్లాడాడు. “వదినా, పొద్దు పోయింది. నడిచిన మేరే నీది. ఇరుకు లోయే.”

“చాలు మరిదీ. నాకు అదే చాలు,” అన్నది ఆస్వోర. “ఈ పిల్ల, దీని తల్లి నా యింట్లో ఉంటారు. వాళ్లను మాత్రం నువ్వు నన్ను అడగకు.”

ఆడవాళ్లు ఇద్దరు పట్టుకోగా యింగ్‌విల్డ్ వెనకే నడిచి వస్తున్నది. బిడ్డను పెట్టిన చోటు కోల్‌బెయిన్ ముందే ఆమె చెవిన వేశాడేమో, పురిటి మంచం మీది నుంచి లేచి పడవలో పాయ దాటి వచ్చింది. తండ్రి వైపు చూడలేదు. ఆస్వోర బిడ్డను ఆమె చేతుల్లో పెట్టింది. యింగ్‌విల్డ్ అక్కడే, అంతమంది ముందు, వెచ్చని నేల మీద కూర్చుని పాలిచ్చింది. బెర్గ్‌తోర్ తన పైదుప్పటి విప్పి కూతురి భుజాల మీద కప్పాడు. ఆ తరువాత అతడు ఎవరికీ ఎదురుపడకుండా ఒక్కడే కొండ దిగి వెళ్లాడు.

అలా పెద్ద లోయ, నది ఆస్వోరకు దక్కలేదు. దక్కిన ఇరుకు లోయలో, పెయ్య పడుకున్న చోట తవ్వితే వేడినీటి ఊట బయటపడింది. దాని చుట్టూ చలికాలంలో కూడా గడ్డి పచ్చగా ఉండేది. ఆస్వోర మురెన్‌ను దాస్యం నుంచి విడిపించి, ఊట పక్కన ఆమెకు నేల ఇచ్చింది. పుట్టుకతో క్రైస్తవురాలైన మురెన్ సముద్రం తోసుకువచ్చిన కొయ్యతో ఒక శిలువ చేసి అక్కడ నిలిపింది. వంద సంవత్సరాలు దాటాక ఆ చోటే చర్చి లేచింది. బిడ్డకు హెర్దీస అని పేరు పెట్టారు. ఆమె పదో ఏట పెద్ద కరువు వచ్చి, దక్షిణపు ఒడ్డున గొర్రెలన్నీ పోయాయి. బెర్గ్‌తోర్ ఇంటివారంతా పడవల్లో ఈ లోయకు వచ్చి ఆ చలికాలం గడిపారు. ముసలివాడైపోయిన బెర్గ్‌తోర్‌కు పళ్లు లేవు. మనుమరాలే గిన్నె పట్టుకొని గట్టి పెరుగు తినిపించేదట. ఒకనాడు అతడు ఆమె చేయి పట్టుకొని క్షమించమని అడిగాడు. ఎందుకో ఆ పిల్లకు తెలియదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. సరేనని తల ఊపి, ఇంకొక ముద్ద పెట్టింది.

పెయ్య ఆగింది వెచ్చదనం కోసమే అనేవారు ఇప్పుడూ ఉన్నారు. స్టేయినున్ వారితో వాదించదు. వెచ్చదనం చూసి బిడ్డను పెట్టినవాడు మనిషే కదా అని మాత్రం అంటుంది.

నేటికీ ఏప్రిల్‌లో ఆ దేశంవారు వేసవి తొలిరోజుగా జరుపుకొనే గురువారం నాడు, ఉదయాన్నే ఈ లోయ చుట్టూ ప్రదక్షిణ జరుగుతుంది. ఆ ఏడు పుట్టిన బిడ్డలను తల్లులు ఎత్తుకువస్తారు. బిడ్డలు కలగనివారు, కలిగి పోగొట్టుకున్నవారు కూడా వస్తారు. వారిని ఎవరూ ఏమీ అడగరు. ప్రదక్షిణ చర్చి దగ్గరే ముగుస్తుంది. పెద్ద లోయ వైపు ఒక్క అడుగు కూడా వేయరు. ఊట దగ్గర అందరికీ గోరువెచ్చని పాలు పోస్తారు. ఆ పాలు తాగిన ఇంట పసిబిడ్డ పాలకు ఏడవదని, విడిపోయిన తండ్రీ కూతుళ్లు ఏడాది తిరగకుండా కలుస్తారని ఇక్కడివారి విశ్వాసం.

ప్రదక్షిణలో ముందు ఒక పెయ్యను నడిపిస్తారు; దాని తాడు పట్టుకొనే భాగ్యం అందరికన్నా చిన్న బిడ్డ ఉన్న తల్లిది. ఆమె నడకే అందరి నడక. దారిలో ఆమె బిడ్డ ఏడిస్తే ఊరంతా ఉన్నచోటనే నిలబడుతుంది. కిందటి ఏడు అలా వానలో ముప్పావు గంట నిలబడ్డారు. బిడ్డ తాగి నిద్రపోయాకే మళ్లీ కదిలారు.